మూడు నిమిషాలకో సూది

హాన్ కాంగ్ నవల ‘వియ్ డూ నాట్ పార్ట్’ మొదట్లో ఒక ఆస్పత్రి గది వస్తుంది. ఇన్సన్ అనే ఆమె జెజు ద్వీపంలో ఒంటరిగా వడ్రంగం పని చేసుకుంటూ ఉంటుంది. ఒకరోజు కరెంటు రంపం కింద పడి వేళ్ళ కొసలు తెగిపోతాయి. విమానంలో సోల్‌కి తీసుకొచ్చి అతికిస్తారు. అతికిస్తే అయిపోదు. కుట్లు పడ్డ చోట రక్తం గడ్డకట్టకూడదు. అందుకని ప్రతి మూడు నిమిషాలకీ ఒకసారి, రాత్రీ పగలూ, ఆ పచ్చి గాయంలో సూది గుచ్చుతూనే ఉండాలి. నెత్తురు రావాలి, నొప్పి తెలియాలి. అలా కొన్ని వారాలు. వద్దనుకుని ఆపేస్తే ఆ పైనున్న నరాలు చచ్చిపోతాయి.

నేను మొదటిసారి చదివినప్పుడు ఇక్కడే పుస్తకం మూసేశాను. భయమేసి మాత్రం కాదు. నాకు మూడేళ్ళుగా ఒంట్లో ఒక నొప్పి ఉంది. మెడ దగ్గర మొదలై ఒకరోజు భుజంలోకి, ఇంకోరోజు పక్కటెముకల్లోకి, ఒక్కోసారి అరికాళ్ళలోకి దిగుతుంది. స్కానింగులు, రక్తపరీక్షలు, విటమిన్లు, థైరాయిడ్, అన్నీ నార్మల్. ఒక డాక్టరుగారు రిపోర్టుల ఫైలు నా వైపు తోసి, “హ్యాపీగా ఉండండి, మీకేం లేదు” అన్నారు. మా పెద్దమ్మ మాత్రం ఒక్క నిమిషంలో తేల్చేసింది: “నరాల వీక్‌నెస్సేనే అది.” ఇంతకంటే నా గొడవ ఇక్కడ అక్కర్లేదు. ఈ నవలని నేను ఎక్కడ నిలబడి చదివానో చెప్పకపోతే మోసం చేసినట్టుంటుందని చెప్పానంతే.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. కారణం దొరకని నొప్పికి మనం కథ కట్టకుండా ఉండలేం. డాక్టర్లు ఒక కథ కడతారు, ఇంట్లోవాళ్ళు ఇంకోటి, రచయితలు మరోటి. ఆ కథ నొప్పి పడుతున్న మనిషికి ఏం చేస్తుంది? కాస్త ఊరటనిస్తుందా, లేక నోరు మూయిస్తుందా? కొరియా ఈ ప్రశ్న అడగడానికి మంచి చోటు. అక్కడ వైద్యం కూడా రెండు భాషల్లో మాట్లాడుతుంది, హాన్ కాంగ్ ఆ రెండిటినీ వింటూ పెరిగిన రచయిత్రి.

*

దక్షిణ కొరియాలో వైద్యానికి రెండు దారులు. ఒకటి మనందరికీ తెలిసిన ఆధునిక వైద్యం. రెండోది హనుయిహాక్, అంటే కొరియన్ సంప్రదాయ వైద్యం. దానికి వేరే కాలేజీలు, ఆరేళ్ళ చదువు, వేరే లైసెన్సు. 1951 నాటి చట్టం ఇద్దరు డాక్టర్లనీ గుర్తించింది. 1987 నుంచి సంప్రదాయ వైద్యానికీ జాతీయ ఆరోగ్య బీమా వర్తిస్తోంది. నడుము పట్టేస్తే సూదుల డాక్టరు దగ్గరికి వెళ్ళడం అక్కడ పెద్ద నమ్మకాల వ్యవహారమేం కాదు. ఆఫీసు నుంచి వస్తూ దార్లో ఆగి చేయించుకునే పని.

ఈ వైద్యానికి మూలస్తంభం లాంటి పుస్తకం ‘దోంగుయ్ బోగమ్’. 1596లో రాజు సోంజో ఆజ్ఞతో మొదలైంది. జపాన్ దండయాత్రల మధ్య ఆగింది. రాజు చనిపోయాక ఆస్థాన వైద్యుడు హో జున్‌ని దేశబహిష్కారం లాంటి శిక్షకి పంపించారు. అతను పుస్తకం వదల్లేదు. 1610లో పూర్తిచేశాడు, 1613లో అచ్చయింది. మొత్తం 25 సంపుటాలు. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

ఈ గ్రంథాన్ని సాహిత్యం చదివే కళ్ళతో చూస్తే దాని అమరికే ముందు ఆకట్టుకుంటుంది. జబ్బులతో మొదలవదు. జీవసారం, ప్రాణశక్తి, మనసు, వీటితో మొదలవుతుంది. తర్వాత బయటి శరీరం: తల, మెడ, వీపు, రొమ్ము, పొట్ట, నడుము. జబ్బులు ఆ తర్వాత గానీ రావు. అంటే ముందు మనిషి, ఆ తర్వాతే రోగం. కోపం కాలేయానిది, దిగులు ఊపిరితిత్తులది, భయం మూత్రపిండాలది. శరీరం ఒక గదిలో, మనసు ఇంకో గదిలో ఉండే ఇల్లు కాదది.

ఈ సంప్రదాయంలో నొప్పికి ఒక సూత్రం ఉంది. ఒంట్లో పారాల్సింది పారుతుంటే నొప్పి ఉండదు, ఆగిపోతే నొప్పి పుడుతుంది. ఇది చైనా నుంచి వచ్చిన మాటే. చైనీస్‌లో ‘పారడం’, ‘నొప్పి’ అనే రెండు మాటలకీ అక్షరాలు వేరు, పలికే స్వరం కూడా కొంచెం వేరు. కొరియన్‌కి వచ్చేసరికి ఆ స్వరభేదం కూడా పోయింది. రెండూ ‘తోంగ్’. చెవికి ఈ సూత్రం ఒకే మాట తనతో తాను దెబ్బలాడుకుంటున్నట్టు వినిపిస్తుంది. కాగితం మీద చూస్తే తప్ప ఏది ప్రవాహమో ఏది బాధో తెలియదు.

ఇప్పుడు ఇన్సన్ గదిలోకి మళ్ళీ వెళ్దాం. అక్కడ సూది పట్టుకున్నది సంప్రదాయ వైద్యుడు కాదు. అది మామూలు ఆధునిక ఆస్పత్రి. కానీ కొరియన్ పాఠకుడికి సూది అనగానే పారుదల గుర్తొస్తుంది, ఆగిపోయినదాన్ని వదిలించే చెయ్యి గుర్తొస్తుంది. హాన్ కాంగ్ ఆ పాత సూత్రాన్ని తీసుకుని తలకిందులు చేసింది. సూత్రం ప్రకారం, పారితే నొప్పి పోతుంది. ఆమె గదిలో, నొప్పి ఉంటేనే పారుతుంది. నొప్పి పోయిందంటే ఆ వేలు పోయినట్టే. ఇది కేవలం ఒక ఆస్పత్రి వివరంగా కనిపిస్తుంది గానీ నవల మొత్తం దీని మీదే నిలబడింది.

*

అయితే నేటి కొరియాలో సంప్రదాయ క్లినిక్‌కి వెళ్ళి “ఒళ్ళంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మల్” అంటే వినిపించే మాట ప్రాణశక్తి ఒక్కటే కాదు. ‘జాయుల్ సింగ్యోంగ్’ అనే మాట కూడా వినిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో స్వయంచోదిత నాడీవ్యవస్థ. గుండె కొట్టుకోవడం, చెమట, జీర్ణం, రక్తపోటు, మనం చెప్పకుండానే జరిగే పనులన్నీ చూసుకునేది. అది అదుపు తప్పిందని, అందుకే నిద్ర లేదని, అరచేతులు చల్లబడుతున్నాయని, ఒళ్ళు నొప్పులని చెప్తారు. వేళ్ళకో ఛాతీకో సెన్సర్లు తగిలించి కాసేపు గుండె చప్పుళ్ళ మధ్య వ్యవధి ఎలా మారుతోందో కొలుస్తారు. రంగురంగుల గ్రాఫు వస్తుంది. ఎప్పుడూ ‘నార్మల్’ అని విన్న మనిషికి మొదటిసారి ఒక కాగితం మీద ‘అసమతుల్యం’ అని కనిపిస్తుంది.

వెటకారం చెయ్యడం తేలిక. గుండె లయలోంచి తీసిన ఒక నిష్పత్తిని చూసి సింపథెటిక్, పారాసింపథెటిక్ తక్కెడ ఎటు మొగ్గిందో చెప్పడం అంత సులువు కాదని శరీరధర్మ శాస్త్రంలో చాలా వాదన ఉంది. ఫైబ్రోమయాల్జియా లాంటి దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళలో ఈ వ్యవస్థలో తేడాలు కనిపించిన మాట నిజమే. నొప్పి వల్ల అది చెడిందా, అది చెడటం వల్ల నొప్పా అన్నది వేరే ప్రశ్న. ఆక్యుపంక్చర్ విషయమూ అంతే. అసలు సూదినీ ఉత్తుత్తి సూదినీ పోల్చిన ప్రయోగాల్లో తేడా తక్కువ. ఏమీ చెయ్యకుండా వదిలేసినవాళ్ళతో పోలిస్తే మాత్రం సూది వేయించుకున్నవాళ్ళు మెరుగు. ఎవరో ఒకరు మన ఒంటిని ఓపిగ్గా తాకి చూడటంలో ఎంత వైద్యం ఉందో ఆ ఫలితాలు చదివితే అనుమానం వస్తుంది.

నన్ను మాత్రం మాట చరిత్ర ఎక్కువ ఆపింది. కొరియన్‌లో నరానికి ‘సింగ్యోంగ్’ అంటారు. ఇది జపాన్‌లో పుట్టిన మాట. 1774లో సుగితా గెన్‌పాకు, అతని స్నేహితులు ఒక డచ్చి శరీరశాస్త్ర గ్రంథాన్ని అనువదిస్తూ ‘నరం’ అనే దానికి తమ భాషలో మాట లేక ఇబ్బంది పడ్డారు. చివరికి పాత వైద్యంలోని రెండు మాటల్ని విరిచి అతికించారు. ఒకటి మనసుని నడిపే శక్తి, రెండోది ఆ శక్తి పారే నాళం, అంటే ఆక్యుపంక్చర్ వాళ్ళు చెప్పే మార్గం. అలా పుట్టిన కొత్త మాట చైనాకీ కొరియాకీ కూడా వెళ్ళింది. కాబట్టి కొరియన్ వైద్యుడు ‘స్వయంచోదిత నాడీవ్యవస్థ’ అన్నప్పుడు కొత్త సైన్సు చొక్కా తొడుక్కుంటున్నాడని వెక్కిరించే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ చొక్కా అల్లిన దారంలోనే పాత నాళం ఉంది.

మనకీ అదే జరిగింది, గమనించం గానీ. ‘నాడి’ అంటే మణికట్టు దగ్గర చూసేది. యోగంలో ప్రాణం తిరిగే దారి. సైన్సు పుస్తకంలో నరం. మూడూ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. ‘నరం’ అంటే ఇంకా తమాషా. చేతి మీద పచ్చగా ఉబ్బే రక్తనాళం నరమే, మెడ దగ్గర పట్టేసేది నరమే, మెదడు నుంచి వచ్చేదీ నరమే. మా పెద్దమ్మ ‘నరాల వీక్‌నెస్’ అన్నప్పుడు ఈ మూడింట్లో ఏది అని అడిగితే ఆమె నా వైపు జాలిగా చూసేది.

ఇంకో మాట. సింపథెటిక్ నెర్వస్ సిస్టం అనే పేరులో సింపతీ ఎందుకుంది? ఒక అవయవం బాధని ఇంకోటి పంచుకుంటుందన్న ప్రాచీన గ్రీకు వైద్యుల ఊహ నుంచి వచ్చింది. తెలుగులో దాన్ని ‘సహానుభూత’ నాడీవ్యవస్థ అని రాసుకున్నాం. కొరియన్‌లో ‘క్యోగమ్’, ఒకరి భావం ఒకరికి అందడం. స్కూల్లో బట్టీ పట్టేటప్పుడు ఇదంతా తట్టలేదు. భయపడ్డప్పుడు గుండె దడదడలాడించే వ్యవస్థకి మనం పెట్టిన పేరు సహానుభూతి. ‘వియ్ డూ నాట్ పార్ట్’ ఒక్క మాటలో దేని గురించి అంటే ఆ పేరే చెప్తాను.

*

ఆ నవలకి ముందు ‘ది వెజిటేరియన్’ దగ్గర కాసేపు ఆగాలి.

కొరియాలో ‘హ్వాబ్యోంగ్’ అనే జబ్బు ఉంది. మాటకి మాట ‘అగ్గి జబ్బు’. ఏళ్ళ తరబడి దిగమింగిన కోపం ఒంట్లోకి దిగడం. ఛాతీలో మంట, ముఖంలోకి వేడి ఆవిర్లు, గొంతులోనో రొమ్ముల కిందో ఒక ముద్ద అడ్డుపడినట్టు, ఆగకుండా నిట్టూర్పులు. ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళలో చూస్తారు. 1994లో అమెరికన్ మానసిక వైద్యుల డీఎస్సెమ్ నాలుగో కూర్పు దీన్ని ‘సంస్కృతికి కట్టుబడిన’ జబ్బుల జాబితాలో పెట్టింది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో ఆ పదకోశంలోంచి ఈ పేరు పోయింది. జబ్బు పోయిందని కాదు లెండి.

మనకి ఇది వివరించనక్కర్లేదు. కడుపు మంట, కడుపు కోత, గుండె రగలడం, ఇవన్నీ మనం రోజూ అనేవే. కొరియన్ సామెత ఒకటుంది: చిన్నాన్న కొడుకు పొలం కొంటే మన కడుపు నొప్పి. మనం ‘మంట’ అంటాం, అంతే తేడా. కొరియన్‌లో ధైర్యం ఉంటే కాలేయం పెద్దదంటారు, ఉలిక్కిపడితే కాలేయం జారిపడిందంటారు, ఆందోళన పడితే పేగులు కాలాయంటారు. ‘అఫుదా’ అనే ఒక్క మాటే నొప్పిగా ఉందనడానికీ, ఒంట్లో బాగాలేదనడానికీ, మనసు నొచ్చుకుందనడానికీ. ఇలాంటి భాషలో పుట్టినవాళ్ళని “నొప్పి శరీరానిదా మనసుదా?” అని అడగడమే కొంచెం అన్యాయం. ఆ ప్రశ్న వేరే భాషలో తయారైంది.

‘ది వెజిటేరియన్’ కొరియన్‌లో 2007లో వచ్చింది. మాంసం మానేసిన యోంగ్‌హ్యే కథ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ చెప్పను. రెండు వివరాలు మాత్రం చూద్దాం. ఒకటి, తండ్రి బలవంతంగా నోట్లో మాంసం కుక్కాక, ఆమె చెయ్యి కోసుకున్నాక, ఆస్పత్రికి తల్లి ఒక కషాయం తెస్తుంది. సంప్రదాయ మందు అని చెప్పి తాగమంటుంది. నిజానికి అది నల్ల మేక సారం. యోంగ్‌హ్యే రుచి చూసి పసిగట్టి కక్కేస్తుంది. తండ్రి చేసింది హింస అని అందరికీ తెలుస్తుంది. తల్లి చేసింది ప్రేమ అని అందరూ అనుకుంటారు. మనకి మంచి చేస్తుందని నమ్మే మందు, మన మాట వినకుండా మన ఒంట్లోకి దింపే మందు ఎలా అవుతుందో ఇంత చిన్న సన్నివేశంలో చూపించిన రచన నేను ఎక్కువ చదవలేదు. జీలకర్ర కషాయం అని చెప్పి ఏదో తాగించబడిన ఆడపిల్లలు ఈ పేజీలో ఉలిక్కిపడతారు.

రెండోది ఆ ముద్ద. యోంగ్‌హ్యే సొంత గొంతు నవల మొత్తంలో కలల ముక్కల్లోనే వినిపిస్తుంది. మిగతా అంతా భర్త, బావ, అక్క చూసిన యోంగ్‌హ్యే. ఆ ముక్కల్లో ఆమె తన ఛాతీలో ఏదో అడ్డుపడిందని, ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా కదలదని చెప్తుంది. హ్వాబ్యోంగ్ లక్షణాల పట్టీలో ఇది అచ్చంగా సరిపోతుంది. చాలామంది పాఠకులు అలాగే చదువుతారు కూడా: పితృస్వామ్యం కింద నలిగిన ఆడదాని అణచుకున్న కోపం. నేనూ మొదట అలాగే చదివాను.

ఇప్పుడు అది చాలదనిపిస్తోంది. ఆ ముద్ద ఏమిటో యోంగ్‌హ్యే తనే చెప్పింది. తను తిన్న జీవాల అరుపులు, ప్రాణాలు అక్కడ ఇరుక్కున్నాయంటుంది. అంటే ఆమె చేస్తున్నది భర్త మీదో తండ్రి మీదో ఫిర్యాదు మాత్రమే కాదు, తన మీద తను చేస్తున్న ఆరోపణ కూడా. తను హింసకి గురైంది, హింసలో పాలూ పంచుకుంది. హ్వాబ్యోంగ్ అని పేరు పెట్టగానే రెండో సగం రాలిపోతుంది. ఆమె ఉత్త బాధితురాలు అయిపోతుంది. జాలిపడి ముందుకెళ్ళిపోతాం. పేరు ఎంత దయగా పెట్టినా, మనిషి చెప్తున్న మాటకంటే ముందు పెడితే జరిగేది ఇదే. పేరు దొరికిన తర్వాత ఎవరూ మళ్ళీ అడగరు.

*

‘వియ్ డూ నాట్ పార్ట్’ 2021లో కొరియన్‌లో వచ్చింది, ఇంగ్లిష్ అనువాదం 2025లో. కథ చెప్పేది క్యోంగ్‌హా, రచయిత్రి. ఒక నగరంలో జరిగిన మారణకాండ మీద నవల రాసినప్పటి నుంచి ఆమెకి పీడకలలు. నిద్ర లేదు, తిండి సహించదు, తలనొప్పి వచ్చిందంటే కడుపు మెలిపెట్టేస్తుంది. హాన్ కాంగ్ 2014లో గ్వాంగ్జు మీద ‘హ్యూమన్ యాక్ట్స్’ రాసింది కాబట్టి ఎవరి నీడ ఇదో వేరే చెప్పక్కర్లేదు. ఇన్సన్ ఆస్పత్రి మంచం మీద నుంచి ఆమెని ఒక్కటే అడుగుతుంది: జెజు వెళ్ళు, ఇంట్లో నా పక్షి ఉంది, ఇవాళే నీళ్ళు పెట్టకపోతే చచ్చిపోతుంది. మంచు తుఫానులో క్యోంగ్‌హా బయల్దేరుతుంది.

ఆ ఇంట్లో దొరికేది ఇన్సన్ తల్లి జీవితం. 1948లో జెజులో మొదలైన తిరుగుబాటునీ, దాన్ని అణిచే పేరుతో జరిగిన చంపకాలనీ అక్కడ ‘4.3’ అంటారు. అధికారిక నివేదిక అంచనా ప్రకారమే 25,000 నుంచి 30,000 మంది చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దాని గురించి నోరెత్తడానికి లేదు. 2000లో గానీ ప్రత్యేక చట్టం రాలేదు, 2003లో గానీ ఒక అధ్యక్షుడు క్షమాపణ చెప్పలేదు. ఆ మధ్య కాలమంతా తల్లులు, చెల్లెళ్ళు ఏమీ జరగనట్టు నారింజలు కోసుకున్నారు, పిల్లల్ని పెంచారు. ఇన్సన్ తల్లి పరుపు కింద రంపపు బ్లేడు పెట్టుకుని పడుకునేది, పీడకలలు రాకుండా. మన ఇళ్ళలో పసిపిల్లల తలగడ కింద ఇనప ముక్క పెట్టడం గుర్తొచ్చి నాకు ఆ వాక్యం దాటడం కష్టమైంది.

ఏ క్లినిక్‌కి తీసుకెళ్ళినా ఆమెకి ఏం పేరు పెట్టేవాళ్ళో ఊహించొచ్చు. అగ్గి జబ్బు. స్వయంచోదిత వ్యవస్థ అసమతుల్యం. నరాల వీక్‌నెస్. పేర్లన్నీ ఎంతోకొంత నిజమే. అన్నీ ఆమె ఒంటి చర్మం దగ్గర ఆగిపోతాయి. ఆగిపోయిన పారుదల ఆమె లోపల లేదు. ఒక దేశం ముప్ఫై వేలమందిని పూడ్చి మాట్లాడొద్దంది. అడ్డు అక్కడుంది. దాన్ని ఆమె ఛాతీలో వెతికితే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది మనలాంటి సాహిత్యం పాఠకులు. ఈ మధ్య మనకి ‘ట్రామా’ అనే మాట బాగా అలవాటైంది. ఎవరికి ఏ నొప్పి ఉన్నా గతంలో ఒక గాయం వెతికేస్తున్నాం. డాక్టరు “మీకేం లేదు” అంటే కోప్పడతాం గానీ, మనం “నీకేదో జరిగింది, నువ్వు మర్చిపోయావు” అంటే అది కూడా ఆ మనిషి మాట వినకపోవడమే. కొన్ని నొప్పులకి కథ ఉండదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పు దీర్ఘకాలిక నొప్పిని దానికదే ఒక జబ్బుగా ఒప్పుకుంది. వెనకాల ఇంకేదో దొరికితేనే నమ్ముతాం అనే షరతు తీసేసింది. ఆ పొడి పరిభాషలో నాకు చాలా నవలల్లో కంటే ఎక్కువ మర్యాద కనిపించింది.

హాన్ కాంగ్ ఈ విషయంలో పూర్తిగా తప్పించుకుందని అనను. క్యోంగ్‌హా తలనొప్పి మరీ చెప్పినమాట వింటుంది. కథ కష్టంలోకి దిగబోతుంటే సరిగ్గా అప్పుడే జాడ కనిపిస్తుంది, ఒక అర్థం మోసుకుంటూ వస్తుంది. నిజం నొప్పికి ఇంత కథాజ్ఞానం ఉండదు. అది మంగళవారం మధ్యాహ్నం, ఏమీ లేనప్పుడు, గిన్నెలు కడుగుతుంటే వస్తుంది. రెండో భాగంలో ఇల్లంతా చీకటి, కొవ్వొత్తి, పాత పత్రికల ముక్కలు, సాక్ష్యాలు. అవి చదువుతుంటే ఊపిరి ఆడదు, నిజమే. కానీ మొదటి భాగంలో అంత బరువుగా ఉన్న శరీరం అక్కడ పల్చబడి దాదాపు నీడ అయిపోతుంది. నొప్పి చరిత్రగా మారగానే ఒళ్ళు పని అయిపోయినట్టు.

ఇంకొకటి. ఆస్పత్రిలో ఆ సూది గుచ్చేది ఇన్సన్ కాదు, క్యోంగ్‌హా కాదు. జీతానికి వచ్చిన ఒక ఆయా. మూడు నిమిషాలకోసారి నిద్ర లేచి, ఇంకొకరి నొప్పిని బతికించేది ఆమె. నవల ఆమె వైపు తిరిగి చూడదు. ఆమె నడుము ఎలా ఉందో, రాత్రి ఎంతసేపు పడుకుందో మనకి తెలియదు. సాక్షిగా ఉండటం ఎంత గొప్పదో చెప్పే పుస్తకంలో ఆ పని చేతులతో చేస్తున్న మనిషికి కథ లేదు. ఇది నన్ను ఇంకా గుచ్చుతోంది.

*

ఇన్ని అన్నాక కూడా నేను ఈ నవలని మళ్ళీ చదువుతాను. కారణం దాని పేరు.

కొరియన్ పేరులో కర్త లేడు. ‘వీడ్కోలు చెప్పకపోవడం’ అనే క్రియ మాత్రం ఉంటుంది. ఎవరు చెప్పరు? నేనా, మనమా, చనిపోయినవాళ్ళా? కొరియన్ క్రియ ఆ సంగతి బయటపెట్టదు. ఇంగ్లిష్‌కి కర్త కావాలి కాబట్టి ‘వియ్’ వచ్చింది. తెలుగులోకి తేవాలని కాసేపు ప్రయత్నించాను. కర్తని దాచగలం, కానీ మన క్రియ చివర పట్టించేస్తుంది: చెప్పను, చెప్పం, చెప్పరు, చెప్పదు. ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. నేను ‘చెప్పం’ దగ్గరే ఆగాను. అది ఒక్కరి పని కాదు కాబట్టి.

నొప్పికి కథ కట్టడం మేలా కీడా అన్న ప్రశ్నకి ఈ నవల జవాబు చెప్పదు గానీ ఒక పని చూపిస్తుంది. ఇన్సన్ నొప్పిని ఎవరూ వివరించరు. దానికి కారణం రంపమని అందరికీ తెలుసు, తెలిసినందువల్ల ఏమీ తగ్గలేదు. మూడు నిమిషాలకోసారి ఎవరో పక్కకొచ్చి కూర్చోవాలి. మళ్ళీ మూడు నిమిషాలకి మళ్ళీ రావాలి. కొరియన్ వైద్యుడి సూదిలో పనిచేసేదేమిటో నాకు తెలియదు గానీ, వచ్చే వారం మళ్ళీ రమ్మనడంలో ఏదో ఉంది. దోంగుయ్ బోగమ్ జబ్బుకంటే ముందు మనిషిని పెట్టడంలోనూ ఆ ఏదో ఉంది. పేరు పెట్టేసి వెళ్ళిపోతే రెండూ ఒట్టివే.

మా పెద్దమ్మ నరాల సిద్ధాంతం నేనింకా ఒప్పుకోలేదు. ఆమె పంపిన నూనె సీసా అలాగే ఉంది. కానీ మూడేళ్ళలో, రిపోర్టులు చూసిన ఎవరూ చెయ్యని పని ఆవిడ చేస్తోంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ముందు నూనె రాసుకున్నావా అని తిడుతుంది. తర్వాత గొంతు తగ్గించి అడుగుతుంది: “ఇవాళ ఎక్కడ నొప్పే?”

నేను చెప్తాను. పోయిన వారం చెప్పిన చోటు కాదు, ఇవాళ ఉన్న చోటు.